మా నాన్న నోట్లో రెండు తిట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెడ్డమాటకి శిక్ష ఉప్పు. నౌపడలో ఉప్పుకేం తక్కువ? ఊరి చుట్టూ ఉప్పుమడులే. మా నాన్న స్టేషన్లో గుమస్తా. మడుల నుంచి వచ్చిన బస్తాలు ఆయన కళ్ళ ముందే వ్యాగన్లకెక్కేవి. మా వంటింట్లో పొయ్యి పక్కన మోకాలెత్తు జాడీ ఉండేది, దాని నిండా రాళ్ళ ఉప్పు. పిల్లల నోట రాకూడని మాట వస్తే ఆ జాడీలోంచి గుప్పెడు తీసి నోట్లో కుక్కేవారు. వంద లెక్కపెట్టే దాకా మింగకూడదు, ఉమ్మకూడదు. ఇరవై దాటేసరికి నాలుక మండిపోయేది. కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారేవి. వందా మా నాన్నే లెక్కపెట్టేవారు, తాపీగా, ప్రతి అంకె మీదా ఆగుతూ.

నాకు మొదటిసారి ఉప్పు పడింది "నీ జిమ్మడిపోను" అన్నందుకు. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ మాటకి అర్థం నాకు తెలీదు, ఇప్పటికీ సరిగ్గా తెలీదు. కోపమొచ్చినప్పుడు అనేదని మాత్రం తెలుసు, ఎందుకంటే అది నాకు చేపలమ్మే గంప అప్ప దగ్గర్నుంచి వచ్చింది. మా క్వార్టర్ల వెనక పొట్టి గోడ, గోడ అవతల కాలిదారి. సముద్రం వైపు పేటల నుంచి ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆ దారినే ప్యాసింజరు బండికి వచ్చేవారు. మేం చేపలు తినేవాళ్ళం కాదు కాబట్టి వాళ్ళతో మా పెద్దవాళ్ళకి మాటల్లేవు. పిల్లలం మాత్రం గోడెక్కి కూర్చునేవాళ్ళం. అందరికంటే ముందు నడిచే ఒకావిడని గంప అప్ప అనేవాళ్ళం, ఆ వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ తిట్టని వస్తువు లేదు. ఎండని తిట్టేది, కాకిని తిట్టేది, ఆలస్యమైన రైలునీ, తొందరగా వచ్చిన రైలునీ తిట్టేది. మమ్మల్ని చూసి "గోడ మీంచి పడితే నడ్డిరుగుతాదే, నీ జిమ్మడిపోను, దిగు!" అనేది. ఆ తిట్టులో ఏదో వెచ్చదనం ఉండేది. అందుకే నోటికి పట్టుకుంది.

ఆవిడ మాటలు మా ఇంట్లో బూతులు. మా నాన్నవి కావు.

మా నాన్న నోట్లో ఉన్నవి రెండే తిట్లు. ఒకటి ముండ, రెండోది వెధవ. గడియ పడకపోతే ముండా గడియ. లాంతరు మసిపడితే వెధవ లాంతరు. కూరలో కారం ఎక్కువైతే మా అమ్మ ముండ. బస్తా జారవిడిచిన కూలీ వెధవ, ఆవు ముండ, ఆవు తాడు వెధవ. ఈ మాటలకి ఉప్పు లేదు. ఇవి తిట్లని కూడా ఎవరూ అనుకునేవారు కాదు. దగ్గూ తుమ్మూ వచ్చినట్టు వచ్చేవి. నేను బొమ్మల్ని ముండ అన్నా, తమ్ముణ్ణి వెధవ అన్నా మా అమ్మ నవ్వేది. "అచ్చం నాన్నే" అనేది.

ఆ ఏడు మా మేనత్త మా ఇంటికి వచ్చింది. మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. ఇరవై ఆరేళ్ళు దాటి ఉండవు. విజయనగరంలో కాపురం చేస్తూ ఉండగా మామయ్య జ్వరంతో పోయాడు. పదో రోజున అత్తవారు ఆవిడ తల గొరిగించారు. నెల తిరక్కుండా రైలెక్కించి మా నాన్న దగ్గరికి పంపించారు. యుద్ధం రోజులవి, కిరసనాయిలు దొరికేది కాదు. ఆవిడ చీకట్లో వచ్చి, చీకట్లోనే వెనక గదిలోకి వెళ్ళిపోయింది. ముతక తెల్లచీర, కొంగు నుదుటి దాకా లాక్కుని ఉండేది. పొద్దున్నే మా నాన్న బయల్దేరే వేళ ఎదురు రాకూడదు. మగవాళ్ళ భోజనాలయ్యే దాకా గుమ్మం దాటకూడదు. నాకు చదవడం నేర్పింది ఆవిడే. బొగ్గుతో వెనక గది గచ్చు మీద అక్షరాలు రాసి చూపించేది.

నెలకోసారి మంగలి దొడ్డి దారిన వచ్చేవాడు. కొట్టం పక్కన రాతి మీద మా అత్త కూర్చునేది. అతను వచ్చిన రోజు ఆవిడ అన్నం తినేది కాదు. ఒకసారి మా నాన్నని అడగడం నేను విన్నాను. తలుపు చాటున నిలబడి, "అన్నయ్యా, ఇది రైల్వే ఊరు. ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్నారు. మనల్నెవరు చూస్తారు? ఇంక మానేద్దాం, నీకు దణ్ణం పెడతాను" అంది. మా నాన్న కాగితం లోంచి తలెత్తలేదు. "నలుగురూ ఏమంటారు?" అన్నారు. అంతే. ఆ నలుగురెవరో నాకు ఇప్పటికీ తెలీదు. ఎంత వెతికినా నాకు మా నాన్న ఒక్కరే కనిపిస్తారు.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున్న పక్కింటి పిల్లతో గచ్చకాయలాడుతున్నాను. అది తొండి చేసింది. నేను దాని గచ్చకాయలు విసిరికొట్టి, నడుం మీద చెయ్యి పెట్టి, మా నాన్న గొంతుతో "పో ముండా!" అన్నాను. పక్కింటి పిల్ల ఏడుస్తూ పోయింది. మా అమ్మ వంటింట్లోంచి ఏమీ అనలేదు. ఉప్పు జాడీ మూత కదల్లేదు.

దొడ్లో అప్పుడే మంగలి కత్తి నూరుతున్నాడు. మా అత్త రాతి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "అమ్మడూ, ఇలా వచ్చి కూర్చో" అంది. కోపం లేదు ఆ గొంతులో. మంగలి వచ్చిన రోజుల్లో పిల్లల్ని ఆవిడే లోపలికి తరిమేసేది, అలాంటిది తన పక్కనే కూర్చోబెట్టుకుంది. "కళ్ళు మూసుకోకు. చూడు" అంది.

కొంగు తీసేసింది. తల మీద గోరంత పెరిగిన నల్లటి జుట్టు. అతను నీళ్ళు చల్లి మొదలుపెట్టాడు. కత్తి మొద్దుబారిందేమో, గీకిన చప్పుడు నా పళ్ళలో వినిపించింది. సగం తల అయ్యేసరికి చెవి పైన కోసుకుంది. ఎర్రటి గీత మెడ మీదకి దిగింది. మా అత్త కదల్లేదు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడే గోడ అవతలి నుంచి వినబడింది.

"ఒరే నీ జిమ్మడిపోను! ఆడకూతురు తలట్రా అది? సేపకి పొలుసు గీకినట్టు గీకతన్నావు!"

గంప అప్ప గోడ మీద గంప దింపి, చేతులు రెండూ ఆనించి నిలబడి ఉంది. మంగలి బెదిరిపోయాడు. "నన్నేటి సెయ్యమంతావప్పా? బాబుగోరు రమ్మంతే వొచ్చినాను" అన్నాడు.

"బాబుగోరు రమ్మంతే ఆ బాబుగోరి తల గీకెల్లి! నెత్తురు కారతంటే కనిపించట్నేదా? కల్లా, గవ్వలా అయ్యి?"

తరవాత మా అత్త వైపు తిరిగింది. మా ఇంటి ఆడవాళ్ళతో ఆవిడ మాట్లాడడం అదే మొదలు. గొంతు తగ్గింది, అంతేగాని మెత్తబడలేదు. "అమ్మా, నువ్వేటి అలగ కూకున్నావు? నోరు నేదా నీకు? నా మొగుణ్ణి నాలుగేళ్ళ కితం సముద్రం తీసుకెలిపోనాది. ఇదిగో, సూడు నా జుత్తు." అంటూ ముడి లాగేసింది. నూనె లేని బారెడు జుట్టు, చేపల వాసనతో, ఉప్పుగాలికి ఎగిరింది. "మొగుడు పోతే మొగుడు పోనాడు. మద్దిన జుత్తేటి సేసినాది, పాపం?"

స్టేషన్లో గంట కొట్టారు. గంప అప్ప ముడి చుట్టుకుని గంప ఎత్తుకుంది. "బండొచ్చేస్తన్నాది, ఎల్తన్నాను. ఒరే, నాను తిరిగొచ్చేసరికి నువ్వీడ కనిపిస్తే గంపలో నీసునీల్లన్నీ నీ నెత్తిన కుమ్మరిస్తాను, సూసుకో!" అని రైలునీ, ఎండనీ, అతన్నీ కలిపి తిట్టుకుంటూ పోయింది.

మా అత్త నవ్వింది. మెడ మీద నెత్తురుతో, సగం గొరిగిన తలతో నవ్వింది. మా ఇంటికి వచ్చాక ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. తరవాత లేచి నిలబడి, మంగలితో, "నువ్వు వెళ్ళు. ఇంక రావద్దు" అంది. అతను సగం తల వైపు చూశాడు. ఆవిడ దొడ్డి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. అతను పొది సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ నా ముందు కింద కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టింది. ఒక పక్క గరుకు గరుగ్గా జుట్టు. ఇంకో పక్క తడిగా, చల్లగా, నున్నగా చర్మం, దాని మీద వేడిగా నెత్తురు. చెయ్యి లాక్కోబోతే లాక్కోనివ్వలేదు.

"ఇందాక పక్కింటి పిల్లని ఏమన్నావు?"

చెప్పాను.

"అది తగిలింది ఆ పిల్లకి కాదే. నువ్వు చెయ్యి పెట్టావే, ఇక్కడ తగిలింది. తల గొరిగిన ఆడదాన్ని ముండ అంటారు. మొగుడు పోయినదాన్ని విధవ అంటారు, వెధవ అని మీ నాన్న అనేది అదే. ముందు మమ్మల్నిలా చేస్తారు. చేసి ఒక పేరు పెడతారు. ఆ తరవాత ఆ పేరుతో గడియనీ, లాంతరునీ, గొడ్డునీ తిడతారు. మీ నాన్న నోట్లో ఉన్నవి రెండే తిట్లు, అమ్మడూ. రెండూ నేనే."

నాకు ఏడేళ్ళు. అందులో సగం అర్థమైంది. కాని చేతికి మొత్తం అర్థమైంది.

మధ్యాహ్నం మా నాన్న భోజనానికి వచ్చారు. పీట వేసి మా అమ్మ వడ్డిస్తోంది. మా అత్త వెనక గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కొంగు కప్పుకోలేదు. మా నాన్న ముద్ద నోటి దగ్గరే ఆపేశారు.

"ఏమిటా అవతారం? వాడు రాలేదా?"

"వచ్చాడు. పొమ్మన్నాను. నాకింక వద్దన్నయ్యా."

"వద్దా? నువ్వెవరే వద్దనడానికి? ఊరంతా నా మొహాన ఉమ్మెయ్యాలనా? రేపు మళ్ళీ పిలిపిస్తాను. కాళ్ళూ చేతులూ కట్టి కూర్చోబెడతాను, ఏమనుకున్నావో, ముండా!"

ఆ మాట విన్నాను. తరవాత నేను చేసింది ధైర్యంతో చేశానని చెప్పుకోను. నాకు తెలిసిన న్యాయం ఒక్కటే: చెడ్డమాట వస్తే ఉప్పు. ఆ మాట చెడ్డదని నాకు ఆ పొద్దున్నే తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి, జాడీ మూత తీసి, రెండు చేతుల్లో పట్టినంత ఉప్పు తీసుకుని వచ్చి, మా నాన్న పీట ముందు నిలబడ్డాను.

"నాన్నా, నోరు తెరవండి. నేను లెక్కపెడతాను. నాకు వంద దాకా వచ్చు."

మా అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. మా నాన్న నా మొహం వంక చూశారు. వెక్కిరిస్తున్నానేమో అని చూశారనుకుంటాను. వెక్కిరింత కనపడలేదు. అందుకే ఇంకా కోపమొచ్చింది. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో కొట్టారు. ఉప్పంతా చెదిరిపోయింది. గచ్చు మీద, మా అమ్మ చీర మీద, ఆయన విస్తట్లో.

రెండో దెబ్బకి లేచిన చెయ్యిని మా అత్త పట్టుకుంది. అన్నగారి భోజనాల వేళ గుమ్మం దాటి ఎరుగని మనిషి గది మధ్యకి వచ్చి నిలబడి, చెయ్యి పట్టుకుంది.

"దాన్నెందుకు కొడతావు? ఆ శిక్ష పెట్టింది నువ్వు. ఆ మాట నేర్పింది నువ్వు. నువ్వు పెట్టిన ఆచారమే అది పాటిస్తోంది."

మా నాన్న చెయ్యి విడిపించుకున్నారు. ఇంక కొట్టలేదు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, స్టేషన్‌కి వెళ్ళిపోయారు. మా అమ్మ గరిట కింద పెట్టింది. దొడ్లోకి వెళ్ళి గుమ్మం తలుపు మూసి గడియ వేసింది. అది ఎప్పుడూ సరిగ్గా పడని గడియ. భుజం ఆనించి, రెండు చేతులతో తోసి తోసి, పడే దాకా వదల్లేదు. మంగలి వచ్చేది ఆ గుమ్మంలోంచే.

మర్నాడు మంగలి రాలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు. పిలిపించలేదో, పిలిచినా అతనే రానన్నాడో నాకు తెలీదు.

మా నాన్న మారారని రాయను. మారలేదు. ఏడాది పైగా చెల్లెలితో మాట్లాడలేదు. ఇంట్లో ఆ రెండు మాటలూ మా చెవిన పడకుండా మింగేవారు, స్టేషన్లో కూలీల మీద అరుస్తుంటే మాత్రం గోడ దాకా వినబడేవి. విజయనగరం నుంచి వచ్చిన బంధువులు మా అత్త చేతి మంచినీళ్ళు తాగలేదు. వాళ్ళలో ఒకామె మా అత్త ఎదుటే ముక్కు మూసుకుంది. అంతకు ముందు తల బోడిగా ఉన్నప్పుడు ఎదురొస్తే అపశకునమన్నదీ ఆ నోళ్ళే, జుట్టు పెరిగితే సిగ్గులేదన్నదీ ఆ నోళ్ళే. వాళ్ళలో ఒక్కరికీ ఎవరూ ఉప్పు పెట్టలేదు. ఇన్నేళ్ళయినా నా కోపం అక్కడే ఉంది.

జుట్టు మాత్రం పెరిగింది. మొదట్లో ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. ఒకరోజు గోడ మీదుగా ఏదో వచ్చి దొడ్లో పడింది. చూస్తే పర్లాకిమిడి కొమ్ము దువ్వెన. గోడ అవతల గంప అప్ప గొంతు, "సంతలో ఒకటి కొంతే ఇంకోటి ఇచ్చినాడమ్మా, ఉంచుకో. నాకేటి, రెండు తలలున్నాయేటి?" అంటూ దూరమైపోయింది. ఆ దువ్వెనతో మా అత్త తల నేనే దువ్వేదాన్ని. చెవి పైన కోసుకున్న చోట జుట్టు మొలవలేదు. దువ్వెన పళ్ళు అక్కడికి వచ్చేసరికి నెమ్మదిగా లాగేదాన్ని.

పెద్దయ్యాక కాలేజీ లైబ్రరీలో నిఘంటువు తీసి ఆ రెండు మాటలూ వెతికాను. మా అత్త చెప్పినట్టే ఉంది. గొరిగిన తల, భర్త లేని స్త్రీ, ఆ పక్కనే తిట్టు అని. ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా వచ్చిందో అక్కడ రాయలేదు. ఆ దారి తెలియాలంటే ఆ రాతి మీద కూర్చోవాలి. అప్పటి నుంచి ఏ తిట్టు విన్నా దాని వెనక ఎవరున్నారా అని చూడడం నాకు అలవాటైంది. చాలా తిట్లలో ఎవరో ఒకరి కులం ఉంటుంది, ఎవరో ఒకరి జబ్బు ఉంటుంది, ఎవరో ఒకరి కుంటికాలు ఉంటుంది. కోపం ఒకరి మీద, దెబ్బ ఇంకొకరికి.

తిట్టడమే తప్పని మాత్రం నేను అనలేను. నా చిన్నతనంలో మా అత్త పక్షాన మొదట లేచిన గొంతు ఒక బూతుల గొంతు. మర్యాదస్తులందరూ నోరు మూసుకుని ఉంటే "నీ జిమ్మడిపోను" అన్న మనిషే కత్తిని ఆపింది. ఆవిడ తిట్టు ఎవర్ని తిట్టిందో వాళ్ళకే తగిలింది. మా నాన్న తిట్టు ఎవరి మీద విసిరినా మా అత్తకే తగిలేది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న సాయంత్రం మా అమ్మాయి వసారాలో కూర్చుని బొమ్మకి తల దువ్వుతోంది. దానికి అయిదేళ్ళు. మా అత్త పోయేముందు నాకిచ్చిన కొమ్ము దువ్వెన అది ఎప్పుడో తీసేసుకుంది. ఆ దువ్వెన బొమ్మ జుట్టులో చిక్కుకుంది. అది విసుక్కుని, కనుబొమలు ముడిచి, "కదలకే ముండా!" అంది.

అది వాళ్ళ నాన్న గొంతు. ఆయన మంచివారు, నా మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. కాని రేడియో పలక్కపోతే, చొక్కా బొత్తాం ఊడితే ఆ మాట వస్తుంది. ఎన్నోసార్లు చెప్పబోయాను. "మాటకేముందోయ్, అందరూ అనేదేగా" అంటారు. నేనూ ఊరుకున్నాను. నవ్వి ఊరుకున్న మా అమ్మకీ నాకూ తేడా ఏమిటి? రేపు ఇది బళ్ళో ఎవరినో అంటుంది. ఆ తరవాత ఒకనాడు దీన్ని ఎవరో అంటారు.

నిన్న ఆ మాట వినగానే పిల్ల మీద నా చెయ్యి లేచింది. లేచిన చెయ్యి నాకే కనిపించి ఆగిపోయింది. దాని పక్కన కూర్చున్నాను. పిల్ల చెయ్యి పట్టుకుని పెట్టడానికి నా దగ్గర మా అత్త తల లేదు. నా అరచేతిలో దాని గుర్తు ఉంది, అంతే. ఒక పక్క గరుకు, ఒక పక్క తడి, చెవి పైన వేడి. బొమ్మ తల మీద పిల్ల చెయ్యి పెట్టించి, చిక్కు తీస్తూ, మా అత్త కథ మొదటి నుంచి చెప్పాను. అది విని, "మరి నాన్నకి ఎవరు చెప్పారు?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. తప్పు అక్కడే జరిగింది.

రేపు మధ్యాహ్నం ఉప్పు జాడీ వంటింట్లోంచి తెచ్చి ఆయన కంచం పక్కన పెడతాను. కూరలో ఉప్పు సరిపోయిందే అంటారు. కూరకి కాదని చెబుతాను.